కార్డు లేని షుగర్ జబ్బు

ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకోవడం నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ టెస్టర్ అంటే అదే. ప్రోగ్రామర్లు రాసినదాంట్లో తేడా ఎక్కడుందో పట్టుకోవడం, దాన్ని మర్యాదైన మాటల్లో రాయడం, వాళ్ల మొహాలు మాడిపోతుంటే చూసీ చూడనట్టు కాఫీ తాగడం. పెళ్లయి తెనాలి నుంచి సింగపూర్ వచ్చిన నాకు ఈ పని ఎంత చక్కగా కుదిరిందంటే, మా ఆయన దీన్ని ఉద్యోగమని ఒప్పుకునేవారే కాదు. ఇంట్లో ఊరికే చేసేదానికి ఎవరో పిచ్చివాళ్లు డబ్బులిస్తున్నారు అనేవారు.

రిటైరయ్యాక మా బుకిట్ బటోక్ బ్లాకులో పిల్లలు కొందరు వచ్చి నా అనుభవాలు అడుగుతుంటారు. అందరూ ఐటీలో కొత్తగా చేరినవాళ్లే. "ఆంటీ, మీరు పట్టుకున్న బగ్గుల్లో అన్నిటికంటే పెద్దది ఏది?" అని ఒకమ్మాయి అడిగింది. పట్టుకున్నాను గానీ అది బగ్గని చివరిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సంగతే చెబుతాను.

అవి ఐటీ బూమ్ రోజులు. కీబోర్డు దుమ్ము దులపడం వస్తే ఉద్యోగం, దానిమీద టైపు కొట్టడం కూడా వస్తే టీమ్ లీడర్ పదవి. నేను పనిచేసే కంపెనీ చిన్నది. ఆఫీసు ఊరికి తూర్పు కొసన. మా ఇళ్లు పడమర కొసన. అటు చివర నుంచి ఇటు చివరకు రోజూ ట్రైను ప్రయాణం. నాతోపాటు వచ్చేవారు మా సీనియర్ ప్రోగ్రామర్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఆఫీసులో చైనావాళ్లు, తమిళులు, మలయులు, తెలుగువాళ్లు అందరూ ఆయన్ని భాయ్ అనే పిలిచేవారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, డైరెక్టర్‌తో ఇంగ్లీషు, నాతో తెలంగాణ తెలుగు. భార్యతో, కూతురితో జురాంగ్ వెస్ట్‌లో ఉండేవారు. రైలు అక్కడే బయలుదేరుతుంది కాబట్టి ఆయనకు సీటు దొరికేది. పక్క సీటులో తన లంచ్ బ్యాగు పెట్టి నాకోసం చోప్ చేసి ఉంచేవారు. హాకర్ సెంటర్లో, అంటే ఇక్కడి తిండి దుకాణాల సముదాయంలో, టేబుల్ ఆపుకోవడానికి జనం టిష్యూ ప్యాకెట్ పెట్టే మర్యాదని రైల్లోకి తెచ్చిన మనిషి ఆయనొక్కరే.

భాయ్‌కి షుగర్. ఇన్సులిన్ తీసుకునేవారు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరికీ చాటలేదు. ప్యాంట్రీ ఫ్రిజ్‌లో ఆయన మందుల డబ్బా ఉండేది. భోజనానికి ముందు గోడవైపు తిరిగి చొక్కా కాస్త ఎత్తి పొడుచుకుని, మళ్లీ ఇటు తిరిగి, ఆగిపోయిన మాట దగ్గర నుంచే అందుకునేవారు.

ఇక మా డైరెక్టర్. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించేవాడు. మంచివాడే, వెక్కిరింపుగా అనడం లేదు. పుట్టినరోజులు గుర్తు పెట్టుకునేవాడు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లకి ఒంట్లో బాగోలేకపోతే పళ్లు పంపేవాడు. ఆయనకున్న ఇబ్బంది ఒక్కటే. ఏ మాట విన్నా ముందు దానికి ఎంత బిల్లు వెయ్యొచ్చో తోచేది, అర్థం తర్వాత తోచేది.

ఒక చలిదేశపు ప్రభుత్వం నుంచి మాకు కాంట్రాక్టు వచ్చే సూచన కనబడింది. ఆ దేశంలో డాక్టరు రాసిన ప్రతి మందుకూ రోగి దుకాణంలో రుసుము కట్టాలి. కొన్ని జబ్బులవాళ్లకు మాత్రం మినహాయింపు. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఆ అదృష్టవంతుల్లో ఉన్నారు. మందుల చీటీ వెనక "నాకు మినహాయింపు ఉంది" అన్న గడిలో టిక్కు పెడితే మందు ఊరికే ఇస్తారు. అయితే ఒక మెలిక ఉంది. షుగర్ ఉంటే చాలదు, షుగర్ ఉన్నట్టు కార్డు కూడా ఉండాలి. ఆ కార్డుకి గడువు ఉంటుంది. కొన్నేళ్లకు అది తీరిపోతుంది. ఆ విషయం జబ్బుకి తెలియదు కాబట్టి అది మాత్రం ఒంట్లో అలాగే ఉంటుంది.

దుకాణాల నుంచి వచ్చే చీటీల రికార్డునీ కార్డుల రికార్డునీ పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రామ్ మేం తయారు చెయ్యాలి. టిక్కు ఉండి, చెల్లే కార్డు లేకపోతే నోటీసు నేరుగా ఇంటికి వెళ్లిపోతుంది. ఎగ్గొట్టిన రుసుము, దానిమీద కొన్ని రెట్ల జరిమానా. నడుమ మనిషి ప్రమేయం ఉండదు. అదే దాని గొప్ప అని మా బ్రోషర్ మొదటి పేజీలోనే వేశారు.

నేను టెస్టింగ్ మొదలుపెట్టిన రోజే నాకు తేడా కనబడింది. నెలనెలా ఇన్సులిన్ కొంటున్న మనిషికి, కార్డు గడువు తీరిందని, ఎగవేతదారు అని పేరు పెట్టి జరిమానా వేస్తోంది. ఇన్సులిన్ సరదాగా పొడుచుకునే మనుషులు నాకైతే తారసపడలేదు. అదే రాసి, బగ్ అని పంపించాను. తిప్పి పంపారు. మళ్లీ పంపాను. ఈసారి డైరెక్టరే నా టేబుల్ దగ్గరకు వచ్చాడు.

"జబ్బు ఉందా అని వాళ్లు మనల్ని అడగలేదు లా. కార్డు ఉందా అని అడిగారు."

"జబ్బు ఉన్నవాళ్లకే కదా సర్ కార్డు?"

"అది డాక్టర్లు చూసుకుంటారు. మనం ఐటీ."

భాయ్ ఆ పక్కనే కూర్చుని ఉన్నారు. తలెత్తలేదు. ఆ ప్రోగ్రామ్ ఆయనదే. సాయంత్రం రైల్లో కదిపాను.

"మీరైనా చెప్పొచ్చు కదండీ."

"ఏం జెప్పాలె చెల్లమ్మా. వాళ్ల దేశం, వాళ్ల కానూన్. కార్డు మల్ల తీస్కుంటే అయిపాయె."

ఆ మాట అన్న నోటితోనే ఆయన నెల తిరక్కుండా ఇంకో మాట అనవలసి వచ్చింది.

కాంట్రాక్టు సంతకం కావాలంటే ముందు ఆ దేశంవాళ్ల ముందు డెమో ఇవ్వాలి. డెమోకి అసలుసిసలు రికార్డులు కావాలి. సంతకం కాకుండా తమ రోగుల వివరాలు పంపబోమని వాళ్లు చెప్పారు, న్యాయంగానే. అప్పుడు డైరెక్టర్‌కి ఒక ఆలోచన తట్టింది. మన ఆఫీసు వాళ్ల మందుల రికార్డులు ఉన్నాయిగా, వాటి మీదే నడిపించి చూపిద్దాం అన్నాడు.

మా కంపెనీలో కూడా అలాంటి ఏర్పాటే ఒకటి ఉంది. ఆఫీసు కుదిర్చిన క్లినిక్‌లో మందు తీసుకుంటే కొంత మేం కట్టాలి, కొంత కంపెనీ కడుతుంది. షుగర్, బీపీలాంటి దీర్ఘకాలపు జబ్బు ఉందని హెచ్చార్‌లో నమోదు చేసుకుంటే మొత్తం కంపెనీదే. ఆ నమోదు ఏటా కొత్తగా చేసుకోవాలట. ఆ నియమం ఉద్యోగుల పుస్తకంలో ఎక్కడో నడుమ ఉంది. రాసినవాళ్లు కూడా మళ్లీ చదివి ఉండరు. భాయ్ చేరిన ఏడాది నమోదు చేయించుకున్నారు. అదే ఒళ్లు, అదే షుగర్, మళ్లీ చెప్పడమెందుకు అనుకున్నారు కాబోలు. క్లినిక్ కూడా అడగలేదు.

ప్రోగ్రామ్ నడిపించాం. భాయ్‌కి మూడు నోటీసులు వచ్చాయి. ఆయన పేరుని క్లినిక్‌లో ఒకలా, హెచ్చార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా రాశారు. ప్రోగ్రామ్ వాటిని ముగ్గురు మనుషులనుకుని ముగ్గురికీ జరిమానా వేసింది. నేను వెంటనే బగ్ రాశాను. దీన్ని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. అదే రోజు సరిచేయించారు కూడా. షుగర్ ఉన్న మనిషికి మూడు జరిమానాలు వేస్తే బగ్, ఒకటి వేస్తే సవ్యం.

డైరెక్టర్ సంతోషం పట్టలేకపోయాడు. డెమోకి మంచి ఉదాహరణ దొరికింది. పేరు దాచి చూపిద్దాం అన్నాడు. ఇన్సులిన్ వాడే మనిషి ఆఫీసు మొత్తానికి ఒక్కడే అయినప్పుడు పేరు దాచడం ఎలాంటిదో ఆయనకు తోచలేదు. అంతటితో ఆగినా బాగుండేది. అకౌంట్స్ చూసే ఆవిడ ఆ కాగితం చూసింది. తెలియనప్పుడు సరే, తెలిశాక ఎలా వదిలేస్తాం, ఆడిటర్లు అడిగితే నేనేం చెప్పాలి అంది. ఉత్తుత్తి నోటీసు నిజం నోటీసయింది. ఇన్నేళ్ల ఇన్సులిన్ ఖరీదు, దానిమీద జరిమానా, నెలనెలా జీతంలోంచి కోత.

మర్నాడు రైల్లో భాయ్ ఆ నోటీసు నా చేతికిచ్చారు.

"పైసలు పోతే పోనీ చెల్లమ్మా. ఈ మాట చూడు. మోసపూరితంగా లబ్ధి పొందినారు అని రాసిన్రు. నేను మోసం జేసిన్నా?"

చదివాను. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను.

"భాయ్, ఈ నోటీసు మాటలు ప్రోగ్రామ్‌లో పెట్టింది మీరే కదండీ."

ఆయన కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ చదివారు. చాలాసేపు చదివారు.

"అవ్. నేనే. ఆ దేశపోల్లు నమూనా పంపిన్రు. అట్లనే కాపీ కొట్టి పెట్టిన. అక్షరాలు గడిలో పడుతున్నయా లేదా అని చూసిన, గంతే. ఏం రాసిన్రో చదవలే." కాగితం మడిచి, "ఆ దేశంల ముసలోల్లకు పోతది గద ఇది," అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆఫీసు క్లినిక్‌కి వెళ్లడం మానేశారు. బయట తన డబ్బుతో మందు కొనుక్కునేవారు. భోజనం వేళకి ప్యాంట్రీలో మందు పొడుచుకోవడం కూడా మానేసి, మెట్ల దగ్గరకు వెళ్లి వచ్చేవారు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ పొడిగింపు దగ్గరకొచ్చింది. ఫైల్లో మోసమన్న మాట ఉంటే ఏమవుతుందోనని భయం. కూతురు ఆ ఏడాది ప్రైమరీ పెద్ద పరీక్ష రాస్తోంది. పాస్ పొడిగించకపోతే పిల్ల చదువేమిటి, అద్దె ఇల్లేమిటి. ఇవన్నీ ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. ఒక్కో స్టేషన్‌కీ ఒక్కో ముక్క చెప్పేవారు.

డెమో రోజు రానే వచ్చింది. పెందలాడే రమ్మన్నాడు డైరెక్టర్. భాయ్ ఇంట్లోనే ఇన్సులిన్ తీసుకుని, ఆలస్యమవుతుందని టిఫిన్ ఆఫీసులో తినొచ్చని బయల్దేరారు. రైలు ఊరి మధ్యకు వచ్చేసరికి నేను ఏదో అడిగితే జవాబు రాలేదు. చూస్తే నుదురంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దముద్దగా ఉంది. ఆయన బ్యాగులో పుల్లటి మిఠాయి బిళ్లలు ఎక్కడుంటాయో నాకు తెలుసు. తీసి చేతిలో పెట్టాను. వేళ్లు పట్టు తప్పి కాగితం విప్పలేకపోతున్నారు.

సరిగ్గా అప్పుడే యూనిఫాం వేసుకున్న రైలు ఉద్యోగి మా వైపు వచ్చాడు. ఇక్కడ రైల్లో తినడం, తాగడం నిషేధం. గోడ మీద బొమ్మ ఉంటుంది, కింద జరిమానా రాసి ఉంటుంది. అతను వయసులో పెద్దవాడే.

"అంకుల్, రైల్లో మకాన్ కుదరదు," అన్నాడు.

"ఈయనకు షుగర్ అండి. పడిపోయింది," అన్నాను. కంగారులో అది తెలుగులో అన్నానని తర్వాత గ్రహించాను.

అతనికి తెలుగు రాదు. భాయ్ మొహం చూశాడు, చేతులు చూశాడు. వంగి, ఆ బిళ్ల తీసుకుని, కాగితం తనే విప్పి, ఆయన నోటికి అందించాడు. "ముందు తినండి అంకుల్. మాటలు తర్వాత," అన్నాడు. రెండో బిళ్ల కూడా విప్పి పెట్టాడు. చుట్టూ మూగిన జనాన్ని కాస్త జరగమన్నాడు. అంబులెన్స్ పిలవనా అని నన్ను అడిగాడు. భాయ్ చూపు కుదుటపడి, వద్దన్నట్టు చెయ్యి ఊపేదాకా అక్కడే నిలబడి, తర్వాతి స్టేషన్‌లో దిగి వెళ్లిపోయాడు.

భాయ్ తేరుకున్నాక అన్న మొదటి మాట, "జరిమానా ఎంతేసిండు?" అని.

"వెయ్యలేదు భాయ్."

"కార్డు అడిగిండా?"

"అడగలేదు."

ఆఫీసుకు చేరగానే ఆయన చేత టిఫిన్ తినిపించాను. ఇంటికి పొమ్మన్నా పోలేదు.

ఆ దేశం నుంచి ఇద్దరు వచ్చారు. ఒక పెద్దాయన, ఒక ఆవిడ. పెద్దాయన కూర్చోగానే ఏడాదికి ఎంత వసూలు అవుతుందని అడిగాడు. ఆవిడ నోట్‌బుక్ తెరిచి పెట్టుకుంది. మమ్మల్ని బల్ల చివర, గోడ పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టారు. అడిగితే తప్ప మాట్లాడొద్దని డైరెక్టర్ ముందే చెప్పాడు. నాకైతే అడిగినా మాట్లాడొద్దని విడిగా చెప్పాడు.

తెర మీద నోటీసు వచ్చింది. పేరు చోట నల్ల గీత. డైరెక్టర్ ఉత్సాహంగా వివరిస్తుంటే ఆవిడ ఆపింది.

"ఈ ఉద్యోగి నెలనెలా ఇన్సులిన్ తీసుకున్నట్టు మీ తెర మీదే ఉంది కదా?"

"ఉంది మేడమ్. అన్నీ ఉంటాయి."

"అంటే ఆయనకు షుగర్ ఉందని మీ ప్రోగ్రామ్‌కి తెలుసు."

"తెలుసు మేడమ్. బాగా తెలుసు."

"మరి జరిమానా దేనికి?"

"షుగర్ ఉన్నట్టు నమోదు కాలేదు కాబట్టి."

"ఆయన ఏమన్నాడు?"

డైరెక్టర్‌కి ప్రశ్న అంతుపట్టలేదు. "ఎవరు మేడమ్?"

"ఆ ఉద్యోగి."

"ఏమీ అనలేదు మేడమ్. అనడానికి ఆప్షన్ లేదు."

భాయ్ లేచి నిలబడ్డారు. పొద్దుటి నీరసం ఇంకా పూర్తిగా పోలేదు. కుర్చీ వీపు పట్టుకున్నారు. "ఆ ఉద్యోగి నేనే మేడమ్," అన్నారు, నిదానమైన ఇంగ్లీషులో. "ఈ ప్రోగ్రామ్ రాసింది కూడా నేనే. నోటీసులో మోసం అన్న మాట పెట్టింది కూడా నేనే. నేను మోసం చెయ్యలేదు. నాకు షుగర్ ఉంది. మీకు చెప్పాలనిపించింది."

అంతే చెప్పి కూర్చున్నారు. నేను ఇక ఆగలేకపోయాను. పొద్దున రైల్లో జరిగింది చెప్పాను. రైలు ఉద్యోగి ఏ కార్డూ అడగకుండా వణుకుతున్న చెయ్యి చూసి మిఠాయి కాగితం విప్పాడని చెప్పాను. మా ప్రోగ్రామ్‌కి చెయ్యి చూసే వీలు లేకపోయినా ఇన్సులిన్ కొన్న రికార్డు చూసే వీలు ఉందని, కొన్నవాళ్లకు జరిమానా బదులు "మీ కార్డు గడువు తీరింది, మార్చుకోండి" అని ఒక కబురు పంపొచ్చని చెప్పాను. డైరెక్టర్ బల్ల కింద నుంచి నా కాలు తొక్కబోయి పెద్దాయన కాలు తొక్కాడు. తొక్కించుకున్న పెద్దాయనే సారీ చెప్పాడు.

"అలా మార్చడానికి ఎంత పని?" అంది ఆవిడ.

"ఒక పూట," అన్నారు భాయ్.

"మూడు నెలలు," అన్నాడు డైరెక్టర్.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ ఇద్దరివైపూ చూసి పెన్ను తీసి, ఏదో ఒకటి రాసుకుంది. ఏది రాసుకుందో తెలియదు.

ఈలోగా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆలోచన మంచిదే గానీ ఒక ఇబ్బంది ఉందన్నాడు. జరిమానాల మీద వచ్చే మొత్తాన్ని వచ్చే ఏడాది బడ్జెట్లో ఇప్పటికే ఆదాయం కింద చూపించారట. కబుర్లు పంపితే జనం కార్డులు మార్చేసుకుంటారు, అప్పుడు ఆ ఆదాయం ఎక్కడి నుంచి తేవాలి అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఇంకా కార్డు మార్చుకోవడం మరిచిపోని మనుషుల మతిమరుపుని ముందే లెక్కేసి ఖర్చు కూడా పెట్టేసుకున్నారన్నమాట. ఏళ్ల తరబడి తప్పులు వెతికిన నాకు అంత నికార్సయిన తప్పు మళ్లీ తగల్లేదు.

చివరికి ఆవిడ పట్టుబట్టింది. ఆ సదుపాయం ప్రోగ్రామ్‌లో ఉండాలి, స్విచ్‌లాగా. కావలసినప్పుడు తాము ఆన్ చేసుకుంటాం అంది. పెద్దాయన, ఆఫ్‌లోనే పెట్టి ఇచ్చేటట్టయితే అభ్యంతరం లేదన్నాడు. డైరెక్టర్ మొహం వెలిగింది. ఇప్పుడు బిల్లుకి రెండు పద్దులు.

స్విచ్ తయారు చెయ్యడానికి మూడు నెలల బిల్లు వేశారు. భాయ్ మర్నాడు మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు పూర్తిచేశారు. సాయంత్రానికి నేను టెస్ట్ చేసేశాను. మిగిలిన కాలమంతా తీరిక లేనట్టు కనబడే కష్టమైన పని చేశాం. నోటీసులో మోసమన్న ఆ ఒక్క మాట కూడా భాయ్ తీసేశారు. నోటీసు చదివే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి అది పోయిందని ఎవరికీ తెలియలేదు.

ఆ స్విచ్‌కి మాన్యువల్ రాసే పని నాకు పడింది. ఎలా ఆన్ చెయ్యాలో బొమ్మలతో సహా రాశాను. భాయ్ చదివి, "ఆఫ్ చేసుడు రాయలే?" అన్నారు.

"మనం ఇచ్చేదే ఆఫ్‌లో కదండీ. అది వాళ్లకి ముందే ఉంటుంది."

ఆయన నన్ను కళ్లద్దాల పైనుంచి చూశారు. నిజానికి పేరుకే అది స్విచ్. ఆన్ చేశాక రికార్డులన్నీ కొత్త వరుసలోకి వెళ్లిపోతాయి. వాటిని పాత వరుసకు తెచ్చే పని చెయ్యమని ఎవరూ అడగలేదు. అడగని పని చెయ్యకూడదని మా డైరెక్టర్ ఎప్పుడూ చెప్పేవాడు. భాయ్ మాన్యువల్ మీద సంతకం పెట్టారు.

మరి భాయ్ జీతంలో కోత సంగతి ఏమయిందంటారా. డెమో అయ్యాక డైరెక్టర్‌కి సిగ్గేసింది, రద్దు చెయ్యమన్నాడు. కానీ వేసిన జరిమానాను రద్దు చేసే దారి కంపెనీ నిబంధనల్లో లేదంది అకౌంట్స్ ఆవిడ. తర్జనభర్జన పడి, కోత ఆపేసి, కోసినదాన్ని బోనస్ పేరుతో ఇచ్చారు. బోనస్‌కి ఒక కారణం కావాలి కాబట్టి ఆ మూడు నెలలకూ ఉత్తమ ఉద్యోగి అన్నారు. ఉత్తమ ఉద్యోగికి ఆనవాయితీ ప్రకారం ఒక బుట్ట కూడా ఇస్తారు. అందరి ముందూ చప్పట్ల మధ్య ఇచ్చారు. బుట్ట నిండా చాక్లెట్లు, వెన్న బిస్కట్లు, తేనె సీసా. భాయ్ రెండు చేతులతో అందుకుని థాంక్యూ చెప్పారు. పాస్ పొడిగింపు కూడా వచ్చింది. ఆ మర్నాటి నుంచి మళ్లీ ప్యాంట్రీలోనే, గోడవైపు తిరిగి పొడుచుకోవడం మొదలుపెట్టారు.

కొన్నేళ్లు గడిచాయి. ఆ దేశంలో ముసలివాళ్లకు జరిమానాలు వేస్తున్నారని పత్రికల్లో గొడవయింది. ఆవిడ అప్పటికి పెద్ద పదవికి వచ్చినట్టుంది. ఎవరు ఆన్ చేశారో నాకు తెలియదు గానీ స్విచ్ ఆన్ అయింది. మాకు తెలిసిందెలాగంటే, ఆ పెద్దాయన ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. జరిమానాలు తగ్గిపోతున్నాయి, ప్రోగ్రామ్‌లో ఏదో లోపం ఉంది, సరిచెయ్యండి అని.

డైరెక్టర్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. మాన్యువల్ ముందుంది. అటూ ఇటూ తిరగేశాడు.

"ఆఫ్ చెయ్యడం ఎక్కడుంది?"

"వాళ్లు అడగలేదు సర్," అన్నాను.

"చెయ్యాలంటే ఎంత పని?"

భాయ్ ఆలోచించినట్టు పైకప్పు వైపు చూశారు. "పెద్ద పని సర్. రికార్డులన్నీ వెనక్కి తేవాలి. ఏడాది పట్టొచ్చు."

డైరెక్టర్ కళ్లు మెరిశాయి. నేను అనుకున్నట్టు అనుమానంతో కాదు. ఏడాదికి ఎంత బిల్లవుతుందో ఆయనకు అప్పటికే తోచింది. ఆ సాయంత్రమే అంచనా వేసి పంపించాడు. దానికి సెలవు రోజుల పని, అత్యవసరపు పని కూడా కలిపాడు. అంత దయ లేని అంచనా నేను మళ్లీ చూడలేదు. వాళ్లు చూసి దడుచుకున్నారు. ఇంత ఖర్చు భరించలేం, ఉన్నది ఉన్నట్టే ఉంచండి అని జవాబు రాశారు.

ఆ జవాబు వచ్చిన రోజు డైరెక్టర్ నిజంగానే దిగులుపడ్డాడు. చేతికందిన పని పోయిందని, తను ఎక్కువ అడిగానేమోనని పదేపదే అన్నాడు. భాయ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, కింద హాకర్ సెంటర్‌కి తీసుకువెళ్లారు. నేనూ వెళ్లాను. భాయ్ మూడు టీలు చెప్పారు. తనకి కొసోంగ్, అంటే చక్కెర లేనిది. నాకు మామూలుది. డైరెక్టర్‌కి చిక్కటి పాలతో, చక్కెర ఎక్కువ వేసి. ఆయన తాగి, కాస్త తెప్పరిల్లి, భాయ్‌తో అన్నాడు, "నువ్వు ఇంకాస్త తక్కువ రోజులు చెప్పాల్సింది లా."

"నిజమే సర్," అన్నారు భాయ్. "లెక్క తప్పాను."

టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.